‘జరిగింది’ అంటే ఎవరు చేసిండ్రు?

(ప్రసంగ పాఠం)



పలక మీద రెండు వాక్యాలు రాసి చూడండి.

దొర జీతగాన్ని కొట్టిండు.

జీతగాని మీద దాడి జరిగింది.

రెండూ ఒక్క సంగతే చెప్తున్నట్టు ఉన్నాయి. కానీ మొదటి వాక్యంలో ఎవరు కొట్టారో ఉంది. రెండో వాక్యంలో దెబ్బలు తిన్నవాడు ఉన్నాడు, కొట్టినవాడు లేడు. ఎక్కడికి పోయాడు? ‘జరిగింది’ అనే మాట వెనక దాక్కున్నాడు.

తెలుగులో పని చెప్పే మాటకు ఒక తోక ఉంటుంది. కొట్టిండు అంటే ఒక మగమనిషి. కొట్టింది అంటే ఆడమనిషి. కొట్టిండ్రు అంటే నలుగురైదుగురు. పని పేరు చెప్తే చాలు, చేసినవారి జాడ దాని వెంటే వస్తుంది. బడి ముఖం చూడని అవ్వ కూడా ఈ తోక లేకుండా మాట్లాడదు. బావికాడ కొట్లాట గురించి చెప్పినా సరే, ఎవరు ముందు తిట్టిండ్రు, ఎవరు బిందె విసిరిండ్రు, ఎవరు అడ్డం పోయిండ్రు, అంతా వరసగా చెప్తుంది.

ఆఫీసు భాషకు ఈ తోక గిట్టదు. "గుడిసెలు తొలగించడం జరిగింది." "రేషను కార్డు రద్దు చేయబడినది." "మీ పేరు జాబితాలో రాలేదు." పేరుకు కాళ్లున్నాయా, జాబితాలోకి నడిచి రావడానికి? ఎవరో ఒకరు రాయలేదు. ఆ ఎవరో ఒకరికి కుర్చీ ఉంది, జీతం ఉంది. కానీ వాక్యంలో మాత్రం ఆయన లేడు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్లకు ఈ ఆఫీసు భాష ఒక్కటే రాలేదు. దానికి తోడు ఇంకో భాష వచ్చింది. అది తుపాకుల భాష. అది ఎట్లా వచ్చిందో తెలియాలంటే 1978 దాకా వెనక్కి పోవాలి.

కల్లోలం ఎవరిది?

అప్పుడు జగిత్యాల, సిరిసిల్ల రెండూ కరీంనగర్ జిల్లాలోని తాలూకాలు. (2016 అక్టోబరు 11 నుంచి రెండూ వేర్వేరు జిల్లాలు అయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలోకి వచ్చింది.) ఊళ్లలో దొరల గడీలు ఉండేవి. దొర ఇంట్లో వెట్టి చేయాలి. చాకలి బట్టలు ఉతకాలి, మంగలి గడ్డం గీయాలి, కుమ్మరి కుండ ఇవ్వాలి. కూలి అడగరాదు. జీతగాడు అప్పు తీరేదాకా పని చేయాలి. ఆ అప్పు ఎన్నటికీ తీరదు. పంచాయితీ చెప్పేది దొర, దండుగ వేసేది దొర, ఆ పైసలు తీసుకునేది కూడా దొరే. ఆడవాళ్ల బాధ చెప్పనే అక్కర లేదు. ఆ ఊళ్లలో పెద్ద వయసు అవ్వలకు అది ఇంకా గుర్తుంది.

రైతు కూలీ సంఘాలు పుట్టాయి. కూలి పెంచమన్నారు. వెట్టి చేయం అన్నారు. దండుగల పైసలు తిరిగి ఇయ్యమన్నారు. దొరలు పట్టుకున్న సర్కారు బంజరు భూములు పేదలవి అన్నారు. మాట వినని దొర ఇంటికి పని చేయడం మానేశారు. బట్టలు ఉతికేవాళ్లు పోలేదు, నీళ్లు మోసేవాళ్లు పోలేదు. 1978 సెప్టెంబరు 7న ఊరూరి నుంచి జనం జగిత్యాలకు నడిచి వచ్చారు. వేలాదిమందితో పెద్ద సభ జరిగింది. దానికి ‘జగిత్యాల జైత్రయాత్ర’ అని పేరు వచ్చింది. జైత్రయాత్ర అంటే గెలిచిన రాజు సేనతో చేసే యాత్ర. చూడండి, కూలోళ్లు కూడా తమ నడకకు యుద్ధం పేరే పెట్టుకున్నారు.

నెలన్నర తిరగకముందే, 1978 అక్టోబరు 20న, ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ‘కల్లోలిత ప్రాంతాలు’ అని ప్రకటించింది.

కల్లోలం అంటే సముద్రంలో లేచే పెద్ద అల. ఊరంతా అల్లకల్లోలం అయింది అంటారు కదా, అదే మాట. కల్లోలిత అంటే కల్లోలం చేయబడినది. ఎవరు చేశారు? ఆ మాటలో లేదు. దొర తరతరాలుగా జీతగాన్ని కట్టేసి కొట్టినప్పుడు ఎవరూ దానిని కల్లోలం అనలేదు. అప్పుడు కాగితాల్లో అంతా ‘ప్రశాంతంగా’ ఉంది. కూలోళ్లు కూలి అడిగిననాడే అది కల్లోలం అయింది.

ఇది ఉత్త పేరు కాదు. ఆ పేరు వెనక 1948లో చేసిన ఒక చట్టం ఉంది. ఆ చట్టం ప్రకారం కల్లోలిత ప్రాంతంలో అయిదుగురు గుమిగూడరాదని ఆజ్ఞ ఉన్నచోట జనం గుమిగూడితే, ఎస్సై స్థాయి పోలీసు అధికారి కూడా హెచ్చరిక చేసి కాల్పులు జరపవచ్చు. ప్రాణం పోయినా సరే. ఒక పేరు పెట్టగానే ఊరి బతుకు మారిపోయింది. ఊళ్లలో పోలీసు క్యాంపులు పడ్డాయి. నలుగురు ఒక అరుగు మీద కూచుని మాట్లాడితే భయం.

క్యాంపు అనేది మొదట పటాలం గుడారాలు వేసుకునే చోటు. ఇప్పుడు కండ్ల పరీక్షకు క్యాంపు, పశువుల టీకాలకు క్యాంపు. మాట ఒక్కటే. కానీ ఆ తాలూకాలలో ఒక తరం వాళ్లు క్యాంపు అనే మాట వింటే, మందులు కాదు, బూట్లు గుర్తుచేసుకుంటారు.

దువ్వెన, పాతర, కుక్క

తర్వాత ఇరవై ముప్పై ఏండ్లు ఆ ఊళ్లు రెండు తుపాకుల నడుమ ఉన్నాయి. ఒకవైపు పోలీసులు. ఇంకోవైపు 1980లో ఏర్పడిన పీపుల్స్‌వార్ దళాలు. ఆ రోజుల్లో పుట్టిన మాటలు ఇండ్లలోకి, పిల్లల ఆటల్లోకి వచ్చాయి.

‘కూంబింగ్’ అంటారు. ఇంగ్లీషులో కూంబ్ అంటే దువ్వెన. అడవిని, ఊరిని దువ్వెనతో దువ్వినట్టు గాలించడం. తల దువ్వడం ఆడవాళ్లకు తెలియని పనా? ఈరుదువ్వెన పట్టి దువ్వేది పేన్లు తీసి కుక్కడానికి. ఈ పేరు పెట్టినవాళ్ల కంటికి అడవిలో మనుషులు ఎట్లా కనపడ్డారో ఆ మాటలోనే ఉంది. 1989లో ప్రభుత్వం అడవుల్లో గాలించడానికి ప్రత్యేక పోలీసు దళాన్ని పెట్టింది. దాని పేరు గ్రేహౌండ్స్. అది వేటకుక్క జాతి పేరు. వేట అన్నాక అవతల ఉండేది మనిషి కాదు, జంతువు.

దళాల వైపు మాటలు చూస్తే అవీ అంతే. ‘ఖతం’ అన్నారు. ఖతం అంటే ముగించడం, లెక్క చుక్తా చేయడం. ‘శిక్ష’ అన్నారు. ‘ప్రజాకోర్టు’ అన్నారు. ఆ కోర్టులో వకీలు లేడు, అప్పీలు లేదు. ‘ఇన్‌ఫార్మర్’ అన్నారు. ఒక్కసారి ఆ మాట మీద పడితే మనిషి పేరు పోయేది, కులం పోయేది, పిల్లల తండ్రి అనేది పోయేది. ఆ ఒక్క మాటే మిగిలేది. తెల్లారేసరికి ఊరి బయట శవం ఉండేది. పోలీసులకు అన్నం పెడితే ఒకరికి కోపం, దళానికి అన్నం పెడితే ఇంకొకరికి కోపం. వచ్చినవాళ్లకు కాదనకుండా అన్నం వండింది మాత్రం ఆడవాళ్లే.

‘మందుపాతర’ ఇంకో మాట. పాతర అంటే ఏమిటో పెద్దవాళ్లకు తెలుసు. జొన్నలు పాడుకాకుండా భూమిలో గుంత తవ్వి, గడ్డి పరిచి, గింజలు పోసి మూసేది. కరువు వస్తే తీసి తినడానికి. అట్లాంటి పాతరలో మందు పెట్టి, పైన జీపు పోతుంటే పేల్చారు. ఆ జీపులో ఉన్నది అయినా ఎవరో ఒక తల్లి కొడుకే. గింజల గుంత పేరు చావుకు పెట్టుకున్నారు.

అడవిలోకి పోయినవాడు తిరిగి వచ్చి తుపాకి అప్పగిస్తే పత్రికలు ‘జనజీవన స్రవంతిలో కలిశాడు’ అని రాసేవి. స్రవంతి అంటే పారే ఏరు. "ఇన్నొద్దులు మా పిలగాడు జనంల లేడా, బిడ్డా? జనం కోసమే పోతున్న అని చెప్పిపోయె" అని ఒక తల్లి అడిగితే జవాబు చెప్పడం కష్టమే.

ఎన్‌కౌంటర్

ఇన్ని మాటల్లో అన్నిటికంటె బరువైన మాట ఎన్‌కౌంటర్. ఇంగ్లీషు తెలియనివాళ్లకు కూడా తెలిసిన ఇంగ్లీషు మాట ఇది.

దాని అర్థం ఎదురుపడటం. అంతే. దారిలో ఇద్దరు అనుకోకుండా ఎదురుపడితే అదీ ఎన్‌కౌంటరే. పటాలం భాషలో రెండు సేనలు ఎదురుపడి కాల్చుకుంటే ఎన్‌కౌంటర్. తెలుగు పత్రికలు దాన్ని ‘ఎదురుకాల్పులు’ అని రాశాయి.

ఆ వార్త ఎప్పుడూ ఒక్క తీరుగానే ఉండేది. పోలీసులు గాలిస్తున్నారు. తీవ్రవాదులు ఎదురుపడ్డారు. లొంగిపొమ్మంటే వినలేదు. కాల్పులు జరిగాయి. కాల్పులు ఆగినంక వెతికితే శవం దొరికింది. మిగతావాళ్లు చీకట్లో పారిపోయారు. నిజంగా ఎదురుకాల్పులు జరిగిన సందర్భాలు ఉన్నాయి. వాటిలో పోలీసులూ చనిపోయారు. కానీ అంతకు రెండు రోజుల ముందే ఇంటికాడ, బస్సులో, చుట్టాలింట్లో పట్టుకుపోయిన మనిషి పేరు ఆ వార్తలో చూసిన తల్లులు కూడా ఉన్నారు.

ఇది కొత్త ఆరోపణ కాదు. 1975లో, ఎమర్జెన్సీ కాలంలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారని పోలీసులు చెప్పారు. 1977లో జస్టిస్ తార్కుండే నాయకత్వంలో ఒక కమిటీ సాక్షులను అడిగి విచారణ చేసింది. అవి ఎదురుకాల్పులు కావని, పట్టుకున్నవాళ్లను కాల్చారని ఆ కమిటీ చెప్పింది. అదే ఏడాది ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్ వేసింది. విచారణ అందరి ముందు కాదు, తలుపులు మూసి జరపాలని ప్రభుత్వం పట్టుపట్టేసరికి ఆ కమిషన్ నడుమనే ఆగిపోయింది.

కేసు కాగితం సంగతి ఇంకా వింత. ఎన్‌కౌంటర్ అయినంక పోలీసులు ఎఫ్ఐఆర్ రాసేవారు. ఎఫ్ఐఆర్ అంటే నేరం గురించి స్టేషనులో రాసే మొదటి కాగితం. అందులో ముద్దాయి ఎవరు? చచ్చిపోయినవాడే. పోలీసులను చంపబోయాడని అతని మీదనే కేసు. ముద్దాయి చనిపోయాడు కాబట్టి కేసు మూత. తుపాకి పేల్చిన చేయి ఎవరిదో ఆ కాగితంలో కనపడదు.

ఇక్కడ ఊరి ఆడవాళ్ల మాట గొప్పతనం చూడాలి. అధికారి "ఎన్‌కౌంటర్ జరిగింది" అన్నాడు. ఊళ్లో మాత్రం ఎవరూ అట్లా అనలేదు. "ఎన్‌కౌంటర్ చేసిండ్రు" అన్నారు. ఇంగ్లీషులో ఎన్‌కౌంటర్ చేయడం అంటే చంపడం కాదు. వ్యాకరణం పంతుళ్లు తప్పు అంటారు. అననీయండి. కోసేసిన తోకను జనం మళ్లీ తెచ్చి అతికించారు. ఏ బడిలోనూ నేర్చుకోకుండా చేసిన పని అది.

ఆ తోక కాగితం మీదికి ఎక్కడానికి చాలా ఏండ్లు పట్టింది. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఇచ్చిన ఫిర్యాదుల మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ విచారించి, 1997లో అన్ని రాష్ట్రాలకూ నియమాలు పంపింది. 2014 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు 16 నియమాలు చెప్పింది. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే ఎఫ్ఐఆర్ రాయాలి. కాల్చిన స్టేషను వాళ్లే విచారణ చేయరాదు, సీఐడీ గానీ వేరే స్టేషను పోలీసులు గానీ చేయాలి. మేజిస్ట్రేటు విచారణ ఉండాలి. చనిపోయినవాని ఇంటివాళ్లకు వీలైనంత తొందరగా చెప్పాలి. కాల్చినవాళ్లకు వెంటనే బహుమతులు, ప్రమోషన్లు ఇవ్వరాదు.

ఈ మాట కథలో చేదు మలుపు ఒకటి ఉంది. 2019 నవంబరు చివర హైదరాబాదు దగ్గర ఒక పశువుల డాక్టరమ్మను దుర్మార్గంగా చెరిచి చంపారు. రాష్ట్రమంతా ఏడ్చింది. "వాళ్లను ఎన్‌కౌంటర్ చెయ్యాలె" అని ఆడవాళ్లే ఊరేగింపులు తీశారు. డిసెంబరు 6న పట్టుబడిన నలుగురూ చటాన్‌పల్లి దగ్గర పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, పటాకులు కాల్చారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఏమని చెప్పింది? పోలీసులు చెప్పిన కథ నమ్మేటట్టు లేదు, చంపాలనే కాల్చారు, ఆ నలుగురిలో ముగ్గురికి 18 ఏండ్లు నిండలేదు అని చెప్పింది. ఆ డాక్టరమ్మను చంపింది ఎవరో కోర్టులో తేలే దారి మూసుకుపోయింది. ఒకప్పుడు కొడుకు కోసం తల్లి ఏడుస్తూ పలికిన మాటను, నలభై ఏండ్ల తర్వాత జనం చప్పట్లు కొడుతూ పలికారు. మాట అదే. అలవాటు అయిపోయింది.

అదుపు, టార్గెట్

ఎన్‌కౌంటర్ అందరి ఇంటికీ రాదు. కానీ ‘అదుపు’ వస్తుంది. "విచారణ నిమిత్తం అదుపులోకి తీసుకున్నారు" అని పత్రికలో ఉంటుంది. బండి అదుపు తప్పింది, జ్వరం అదుపులోకి వచ్చింది అన్నట్టే మెత్తగా వినపడుతుంది. అది అరెస్టా, కాదా? అరెస్టు అంటే లెక్క ఉంది. అరెస్టు చేసినవాన్ని 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగమే చెప్తున్నది. అదుపు అంటే ఆ లెక్క మొదలు కాలేదన్నట్టు నడిపిస్తారు. నిజానికి మనిషిని కదలనీయకుండా పట్టి ఉంచితే, ఏ పేరు పెట్టినా గడియారం తిరిగినట్టే.

1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: అరెస్టు చేసేటప్పుడు కాగితం రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి, ఇంటివాళ్లకు కబురు చేయాలి. చట్టం ప్రకారం ఆడమనిషిని ప్రశ్నలు అడగాలంటే స్టేషనుకు పిలవరాదు, ఆమె ఉన్నచోటికే పోవాలి. పొద్దు గూకినంక, పొద్దు పొడవకముందు ఆడమనిషిని అరెస్టు చేయరాదు. తప్పనిసరి అయితే మేజిస్ట్రేటు అనుమతి కావాలి, మహిళా పోలీసు అధికారి ఉండాలి. "మావాన్ని అరెస్టు చేసిండ్రా సారూ, ఊకెనే కూసుండపెట్టిండ్రా? అరెస్టు అయితే కాగితమేది? కాకపోతే ఇంటికెందుకు పంపరు?" ఇంతే అడగాలి.

‘టార్గెట్’ కూడా తుపాకి పట్టినవాని మాటే. గురి పెట్టి కాల్చే గుర్తును టార్గెట్ అంటారు. ఆ మాట ఆడవాళ్ల కడుపు దాకా వచ్చింది. కు.ని. ఆపరేషన్లు అని గోడల మీద రాసేవారు. కు.ని. అంటే కుటుంబ నియంత్రణ. రెండక్షరాలు, రెండు చుక్కలు. క్యాంపు పెట్టేవారు. నర్సమ్మకు టార్గెట్ ఉండేది, ఈ నెలలో ఇన్ని ‘కేసులు’ తేవాలని. ఇద్దరు పిల్లల తల్లి, పొద్దంతా బీడీలు చేసి వచ్చిన మనిషి, ఆ పుస్తకంలో కేసు. నర్సమ్మ తప్పు ఏమీ లేదు, ఆమె మీద పైవాళ్ల గురి.

1996 ఏప్రిల్‌లో ప్రభుత్వం దేశమంతటా ఈ టార్గెట్లు ఎత్తేస్తున్నట్టు చెప్పింది. మాట పోయినా అలవాటు పోలేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక డాక్టరు ఒక్కరోజు క్యాంపులో 83 మందికి ఆపరేషన్లు చేశాడు. పదిమందికి పైగా స్త్రీలు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఇట్లాంటి క్యాంపులు మూడేండ్లలో మానిపించాలని చెప్పింది.

చదువు పని కూడా ఈ భాష నుంచి తప్పించుకోలేదు. అక్షరాస్యతా ఉద్యమాన్ని ఇంగ్లీషులో క్యాంపెయిన్ అంటారు. క్యాంపెయిన్ అంటే దండయాత్ర. ‘నిరక్షరాస్యత మీద యుద్ధం’ అని గోడల మీద రాశారు. రాత్రిపూట కందిలి ముందు కూచుని ‘అ’ దిద్దిన అక్క ఎవరి మీద దండెత్తిందో!

కడుపునొప్పి

సిరిసిల్లలో తుపాకి చప్పుడు తగ్గినంక సాంచాల చప్పుడు మిగిలింది. సాంచా అంటే మరమగ్గం. నూలు ధర పెరిగి, గుడ్డ అమ్ముడుపోక సాంచాలు ఆగితే కార్మికుని ఇంట్లో పొయ్యి ఆగుతుంది. 2000 తర్వాత ఏండ్లలో అప్పుల బాధతో అక్కడ ఎందరో నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. పత్తి రైతుల ఇండ్లలోనూ అదే జరిగింది.

అట్లాంటి చావు తర్వాత పోలీసులు వచ్చి పంచనామా రాస్తారు. చాలా పంచనామాల్లో ఒక్క మాటే కనపడేది: "కడుపునొప్పి భరించలేక." ఇంకొన్నింటిలో "కుటుంబ కలహాలతో." కడుపునొప్పి నిజమే కావచ్చు. ఆకలికి కూడా కడుపే నొస్తుంది. కానీ కాగితం మీద ఆ మాట పడితే అప్పు పోయింది, ఆగిన సాంచా పోయింది, నెత్తిన కూచున్న వడ్డీ వ్యాపారి పోయాడు. ‘కుటుంబ కలహాలు’ అని పడితే ఇంకా అన్యాయం. అప్పుడు తోక వచ్చి పెండ్లాము మీద పడుతుంది.

2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పుల బాధతో చనిపోయిన రైతుల కుటుంబాలకు లక్షన్నర ఇవ్వడానికి 421 నంబరు ఉత్తర్వు ఇచ్చింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం 194 నంబరు ఉత్తర్వుతో దానిని 6 లక్షలు చేసింది. అది రావాలంటే అధికారుల కమిటీ వచ్చి చావు ‘అర్హమైనది’ అని తేల్చాలి. చావుకు కూడా అర్హత! ఎఫ్ఐఆర్, పంచనామా, అప్పు కాగితాలు చూస్తారు. మొదటి రోజు ఏడుపులో ఎవరో రాసిన ‘కడుపునొప్పి’ ఆరు నెలల తర్వాత ఆ కమిటీ ముందు సాక్ష్యం చెప్తుంది.

అందుకే తెలియాల్సిన సంగతి ఒకటి ఉంది. స్టేషనులో నోటిమాటగా ఫిర్యాదు చెప్తే, దాన్ని రాసి, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలని చట్టం. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. పంచనామా మీద ఒప్పుకున్నవాళ్లే సంతకం పెడతారు. ఒప్పుకోనివాళ్లు పెట్టాల్సిన పని లేదు.

వచ్చే పైసలకు పెట్టిన పేరు కూడా చూడాలి. ‘ఎక్స్‌గ్రేషియా’ అంటారు. అది లాటిన్ అనే పాత భాషలోని మాట. దయతో ఇచ్చేది అని అర్థం. ‘నష్టపరిహారం’ అంటే వేరు, నష్టం చేసినవారు కట్టాల్సింది. పరిహారం బాకీ లాంటిది, అడిగి తీసుకోవచ్చు. దయను అడిగే హక్కు ఎక్కడిది? ఒకే నోట్ల కట్ట, పేరు మారితే చేయి చాచే తీరు మారుతుంది.

సహజ మరణం

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్ల నుంచి వేలమంది మగవాళ్లు దుబాయి, మస్కట్, సౌదీ పోయారు. వాళ్లతో ఇంకో సంచి మాటలు ఊరికి వచ్చాయి. ‘ఖల్లివల్లి’ అంటే అరబ్బీలో ‘పోనీ, వదిలెయ్’ అని. కాగితాలు లేకుండా అక్కడ మిగిలిపోయినవాన్ని ఊళ్లో "ఖల్లివల్లి అయిండు" అంటారు. మనిషిని వదిలేశారని ఆ మాటే చెప్తున్నది.

సౌదీలో యజమాని ‘హురూబ్’ అని రాయిస్తాడు. అంటే పారిపోయిండు. దీనికి తోక ఉంది, కానీ తప్పు మనిషికి పెట్టారు. పాస్‌పోర్టు గుంజుకుని, నెలల తరబడి జీతం ఇయ్యనివాడు కాగితంలో లేడు. అన్నం కోసం వేరే చోట పని వెతుక్కున్నవాడు దొంగ అయ్యాడు.

ఇంకో కాగితం శవపేటికతో వస్తుంది. దాని మీద ‘సహజ మరణం’ అని ఉంటుంది. ముప్పై ఏండ్ల మనిషి, నిన్న ఫోనులో బిడ్డతో మాట్లాడిన మనిషి, మండుటెండలో సిమెంటు పని చేసి రాత్రి పండుకుని లేవలేదు. పండు పండి రాలితే సహజం. ఇది సహజమా? చాలా శవాలకు పోస్టుమార్టం కూడా చేయరు. ఈ మాటకు ధర ఉంది. విదేశం పోయే కూలీల కోసం 2003లో మొదలైన ప్రవాసీ భారతీయ బీమాలో ప్రమాదంతో చనిపోతే 10 లక్షలు వస్తాయి. సహజ మరణం అయితే రావు. గల్ఫులో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని 2024లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. దాని పేరూ ఎక్స్‌గ్రేషియానే. కంపెనీ దగ్గర ఆగిన జీతం, సర్వీసు పైసలు మాత్రం ఎవరి దయా కాదు. అవి ఆయన చెమట.

ఇప్పుడు ఒక దరఖాస్తు సంగతి. చదువు నేర్చిన అక్క ఒకామె కలెక్టరుకు దరఖాస్తు రాస్తున్నదనుకుందాం. పెద్దసార్లకు రాసేటప్పుడు పెద్ద మాటలే రాయాలని ఆమె కూడా ఇట్లా మొదలుపెడుతుంది: "నా భర్త గల్ఫుకు వెళ్లడం జరిగినది. అచ్చట జీతము ఇవ్వబడలేదు. మృతి చెందడం జరిగినది."

ఈ దరఖాస్తు చదివినవారికి ఎవరిని అడగాలో తెలియదు. ఆమె ఆ కాగితం పక్కన పెట్టి, ఇంట్ల మాట్లాడినట్టే ఇంకోటి రాస్తే ఇట్లా ఉంటుంది:

"ఏజెంటు మా దగ్గర రెండు లక్షలు తీసుకున్నడు. డ్రైవరు పని అని చెప్పిండు. కంపెనీవాళ్లు ఆయన పాస్‌పోర్టు గుంజుకున్నరు. ఎండల రాళ్లు మోయించిండ్రు. అయిదు నెలల జీతం ఇయ్యలేదు. పానం బాగలేదంటే దవాఖానకు తీస్కపోలేదు. ఆయన చనిపోయిండు. ఆ అయిదు నెలల జీతం నాకు ఇప్పించాలె."

కింద తన పేరు, ఊరు, తారీకు. వేలిముద్ర కాదు, సంతకం.